బస్సులో కారు తలుపు

మా బావ ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను లేచి రెండు మాటలు చెప్పమన్నారు. మనిషి పోయిన ఇంట్లో సంఘమంతా ఒక సాయంత్రం కూడి, పాటలు పాడి, పోయినవారి గురించి తెలిసినవాళ్లు తలా కొంచెం సాక్ష్యం చెప్పడం మాలో అలవాటు. షామియానా కింద కుర్చీలన్నీ నా వైపు తిరిగాయి. "మా బావ కష్టజీవి. ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి" అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో మా అక్క మాత్రం తలెత్తలేదు.

కష్టజీవి అని ఎవరి గురించైనా చెప్పొచ్చు, ఎద్దు గురించి కూడా. పల్లెత్తు మాట అనడన్నది శుద్ధ అబద్ధం. నోరు తెరిస్తే ఎవరో ఒకరిని ఆటపట్టించకుండా మూసేవాడు కాదు. మా బావ గురించి నిజంగా చెప్పాల్సింది వేరే ఉంది. ఆయన ఒక నల్ల కారు తలుపును భుజాన వేసుకుని ఖమ్మం బస్సెక్కేవాడు. కానీ ఆ మాట ఎత్తితే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే నా సంగతీ చెప్పాల్సి వస్తుంది. అందుకే కష్టజీవి అని కూర్చున్నాను.

మా షెడ్డు అశ్వారావుపేట ఊరి చివర రోడ్డు పక్కన ఉండేది. మూడు వైపులా ఆయిల్‌పామ్ తోటలు. వాటిల్లో ఎటు చూసినా అదే వరస, అదే నీడ. మట్టలు దాటి గాలి ఇటు వచ్చేది కాదు. పైన రేకులు. ఎండాకాలం లోపల నిలబడితే మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టుండేది. అడవి దారుల్లో తిరిగే జీపులు, కార్లు రెండు పక్కలా వెదురుకంప గీసిన గీతలతో మా దగ్గరికి వచ్చేవి. సొట్టలు తీయడం, రంగు వేయడం, ఆఖరున పాలిష్. షెడ్డు పెట్టింది మా నాయన. రంగు పొగకు ఆయన ఊపిరితిత్తులు చెడి కుర్చీకి అతుక్కుపోయాక, కారేపల్లి దగ్గరి ఊరి నుంచి బావను ఇల్లరికం తెచ్చుకున్నాం. అల్లుణ్ణి తెచ్చుకున్నారనే మా వైపు అంటారు, మిషనో గేదెనో తెచ్చుకున్నట్టు. నాకు పని చేసే చేయి లేదు. వచ్చిన గిరాకీతో మాట్లాడటం నా పని. మాటలు నాకు బాగా వచ్చు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ మాటల సంగతే.

బావ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతోనే పనిలోకి దిగేవాడు. "చొక్కా మీద చుక్క పడ్డదంటే వాడు మేస్త్రీ కాదు, సున్నం కొట్టేటోడు" అనేవాడు. అయినా చుక్కలు పడేవి. పడ్డ రోజు పైన తువ్వాలు కప్పుకుని తిరిగేవాడు. పాలిష్‌కు వాడే ఏ మెత్త చేతికొచ్చినా ముందు దాన్ని చెంపకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. చంటిపిల్ల బుగ్గ ఆనించినట్టు. తర్వాత తీర్పు చెప్పేవాడు. "ఇది గరుకు. గీత తీస్తది, ఇంకో గీత పెడతది." "ఇది పిరికిది. రోజంతా రుద్దినా ఏం చెయ్యది." ఒకసారి పాస్టరుగారి భుజం మీది శాలువను కూడా అలాగే చెంపకు ఆనించి చూసి, "మంచి మెత్త అయితదయ్యగారూ, పాతబడినంక మర్చిపోకుండి" అన్నాడు.

మా దగ్గర పాలిష్ మిషను ఉండేది కాదు. ఇనుము కోసే గ్రైండరు ఉండేది. దాని కోత చక్రం ఊడదీసి, పాత గొంగడి ముక్కలతో అక్క కుట్టిన మెత్తను బిగించేవాళ్లం. గ్రైండరు వేగం ఇనుముకు సరిపోయేది. అదే వేగంతో కారు రంగు మీద పెడితే రంగు మాడిపోయి కింద ప్రైమరు పైకి తేలుతుంది. వేగం తగ్గించే మీట దానికి లేదు. ఆ మీట పనిని మా బావ పక్క తోటల మోటార్లతో చేయించుకునేవాడు.

తోటలకు కరెంటు ఇచ్చే వేళకు చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. మా షెడ్డులో ఓల్టేజీ పడిపోయేది. దూలానికి వేలాడే బల్బు ఎర్రబడేది. గ్రైండరు నిద్ర మత్తులో తిరిగినట్టు తిరిగేది. పాలిష్‌కు సరిగ్గా ఆ వేగమే కావాలి. అందుకని అందరూ కరెంటు కోసం ఎదురుచూస్తుంటే మేం అది తగ్గడం కోసం ఎదురుచూసేవాళ్లం. బల్బు తెల్లగా వెలుగుతుంటే బావ కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు.

"ఏంది మేస్త్రీ, కరెంటు ఉండంగ కూసున్నవ్?" అని కారు గలాయన కసురుకునేవాడు.

"కరెంటు ఎక్కువున్నది సార్. జర తగ్గనియ్యి."

"నెత్తి గిట్ల తిరిగిందా నీకు?"

"నాది కాదు సార్, దీనిది తిరుగుతాంది. అదే మన కష్టం" అని గ్రైండరు చూపించేవాడు.

పాలిష్ చేస్తున్నంతసేపూ ఆయన కళ్లు కారు మీద కాదు, బల్బు మీద ఉండేవి. అది తెల్లబడిన క్షణంలో, పాము మీద కాలు పడ్డవాడిలా, గ్రైండరును రంగు మీంచి లేపేసేవాడు. ఎక్కడో నలుగురు రైతులు మోటార్లు కట్టేస్తే ఇక్కడ ఒక మనిషి ఉలిక్కిపడేవాడు. "మన పని మన చేతుల లేదు బామ్మర్దీ, పక్కోళ్ల మోటార్ల చేతుల ఉన్నది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

ఒక రోజు బావ ఒక కలప కాంట్రాక్టరు నల్ల కారు బానెటు మీద పని చేస్తూ, ఆయన డ్రైవరుతో వేళాకోళమాడుతూ బల్బు చూడటం మర్చిపోయాడు. అరచేతంత మేర రంగు కాలిపోయింది. నాయన కుర్చీలోంచే చూశాడు. దగ్గు ఆగేదాకా ఆగి, కాంట్రాక్టరు ముందే అన్నాడు.

"ఇంటల్లుడివైపోతివి. పనోడివైతే ఇయ్యాల్నే సంచి చేతికిచ్చి పంపుదును."

బావ తువ్వాలు తీసి కాలిన చోట కప్పాడు. చొక్కా మీద చుక్క పడితే కప్పుకున్నట్టే.

ఆ పూట అన్నం దగ్గర అక్క నాయనను నిలదీసింది. "కోసే మిషనిచ్చి మెరుగు పెట్టమంటే కాలక ఏమైతది నాయనా? పాలిష్ మిషను కొనియ్యరాదు?"

నాయన ముద్ద కలిపాడు. బావ వైపు చూడకుండా అక్కతోనే చెప్పాడు. "కొనుక్కోమను. ఏది కావాల్నో ఆయన్నే చూసి ఎంచుకోమను. అది వచ్చిన్నాడు సత్తుపల్లిల షెడ్డు పెట్టుకోమను, ఆయన పేరు మీదనే. మీరిద్దరు పోయి ఆడనే ఉండుండ్రి. కానీ ఒక్కటే సారి. తప్పు మిషను తెచ్చి బెడిసిందనుకో, మళ్ల ఈడికే వచ్చి నోర్మూసుకొని చేసుకోవాలె."

మా ఇంట్లో బావకు కూర ఏది కావాలో కూడా అడిగిన గుర్తు లేదు నాకు. అలాంటిది ఒక్కసారి ఎంచుకోమన్నారు. ఎంచుకునేది మిషను కాదు, బతుకు.

అప్పుడు తయారైంది ఆ తలుపు. యాక్సిడెంటు బండి నుంచి తీసేసిన ముందు తలుపు. అద్దం, లోపలి అట్ట, బోల్టులు అన్నీ పీకేసి ఉత్త రేకు మిగిల్చాడు. సొట్టలు తీసి నల్ల రంగు కొట్టాడు. ఎందుకు నలుపే అంటే, "తెల్ల కారు మీద తప్పు చేస్తే దేవునికి ఒక్కనికే తెలుస్తది. నల్ల కారు మీద చేస్తే ఊరందరికీ తెలుస్తది" అన్నాడు. తర్వాత దాన్నంతా నీళ్లతో తడిపిన గరుకు కాయితంతో రుద్ది మెరుపు చంపేశాడు. పేపరు టేపు అంటించి నాలుగు గళ్లు చేశాడు. ఒక్కో గడిలో ఒక్కో మిషను, ఒక్కో మెత్త, ఒక్కో పాలిష్ పరీక్ష పెట్టి ఎండలో చూడాలని. నాలుగో గడి మాత్రం ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. "అది నేను కొన్న మిషనుతోటి, నా షెడ్డుల చేస్తా."

ఆ తలుపు వేసుకుని ఖమ్మం బస్సెక్కాం, ఆయనా నేనూ. మాటలొచ్చినవాడు పక్కనుండాలని నాయన నన్ను పంపాడు. కండక్టరు తలుపు చుట్టూ తిరిగి చూశాడు.

"తలుపొచ్చింది. కారేదన్నా?"

"ఎనక వస్తాంది" అన్నాడు బావ.

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్టు తీసుకుని, తలుపును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, డ్రైవరు వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. అద్దం లేని తలుపు కంతలోంచి, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ. నాకు మొదట అర్థం కాలేదు. సత్తుపల్లి దాటుతుండగా మోచేత్తో పొడిచాడు. "చూడు, చూడు. ఆ పంక్చరు కొట్టు. ముంగట టైరు ఏలాడుతాంది చూడు. దాని పక్క జాగ." ఒక క్షణం కనపడి వెనక్కి పోయింది. ఖాళీ స్థలం. సర్కారు తుమ్మ, ఒక మేక. "పొద్దటి ఎండ సీదా పడతది ఆడ. పాలిష్ చూసేటందుకు లైటు గూడ అక్కర్లే. ఓల్టేజీ అడిగిన. తోటలు దూరం. మంచిగుంటదంట."

ఖమ్మంలో పనిముట్ల దుకాణం సేటు మా బావకు కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. అక్కడ ఆయన ఇల్లరికం అల్లుడు కాదు. తలుపు పట్టుకొచ్చిన మేస్త్రీ. మిషన్లు ఒక్కొక్కటే తీయించి బరువు చూశాడు. ఒకటి ఒకే వేగంది. "ఇది మా గ్రైండరుకు పెద్దన్న" అని పక్కన పెట్టేశాడు. ఇంకొకటి తిరుగుతూనే ఊగేది. దాన్ని పట్టుకుని, "దీనికి చలిజరం వచ్చింది సేటూ, దవాఖానకు తీస్కపో" అన్నాడు. కానీ మొదటి గడిని దానితోనే చేశాడు. మంచిదేనని, నిదానస్తురాలని ఒప్పుకున్నాడు. మూడోదానికి వెనక వేలితో తిప్పే చక్రం ఉంది. ఒకటి నుంచి ఆరు దాకా వేగం. ఆ చక్రాన్ని ఒకటికీ ఆరుకూ మధ్య తిప్పుతూ చాలాసేపు ఉండిపోయాడు. మిషను ఇంకా ఆన్ కూడా చేయలేదు. ఊరికే తిప్పుతున్నాడు.

తర్వాత దానితోనే రెండో గడికి ఊలు మెత్తతో ఘాటు పాలిష్ పట్టించాడు. తర్వాత అప్పుడప్పుడే వస్తున్న స్పంజి మెత్తలను చెంపకు ఆనించి, అందులో నడిమిదాన్ని ఎంచి సన్న పాలిష్ పట్టించాడు. ఆఖరున సేటు మైనం డబ్బా తీస్తే వద్దన్నాడు. "మైనం గీతను దాస్తదంతే. రెండు వానలు పడితే మళ్ల లేస్తది. గీత నిజంగ పోవాలంటే చుట్టూ ఉన్న రంగంతా దాని లోతుకు దిగాలె. అందుకే జర భయం ఉండాలె చేతికి." తలుపును రోడ్డు మీదికి తీసుకెళ్లి ఎండకు పట్టి, మెడ అటూ ఇటూ వంచి చూశాడు. మా గ్రైండరు చేసిన పనిలో ఎండ పడితే సాలెగూళ్లలా గిరగిర గీతలు లేచేవి. ఇందులో ఒక్కటీ లేదు. సేటును పిలిచాడు, పక్క కొట్టువాణ్ణి పిలిచాడు, నన్ను పిలిచాడు. "గూడున్నదా? ఏదీ చూపెట్టు!"

అప్పుడే కొనొచ్చు. "ఇంట్ల చెప్పి వస్త సేటూ" అన్నాడు.

తిరుగు బస్సులో తల్లాడ దాకా ఆయన నోరు ఆగలేదు. షెడ్డు ఎటు ముఖం పెట్టాలి, అక్క ఎక్కడ మెత్తలు ఉతికి ఆరేయాలి, బోర్డు మీద ఏ రంగు. కల్లూరు దాటాక నేను అడిగాను.

"చక్రం ఉన్న మిషను లోపలంతా కరెంటు సర్క్యూట్ గద బావా. ఓల్టేజీ పడితే ఆగిపోదా? సత్తుపల్లిల గూడ తోటలు వేస్తున్నరు గదా."

ఇది నిజంగా నాకు వచ్చిన అనుమానమే. మొదటిసారి నేను చెడ్డవాణ్ణి కాను. కానీ ఆ మాట పడగానే ఆయన ముఖంలో ఏం జరిగిందో చూశాను. బల్బు ఎర్రబడ్డట్టు అయింది. పెనుబల్లి దాటింది. సత్తుపల్లిలో పంక్చరు కొట్టు వచ్చింది, పోయింది. ఆయన తలుపు మీద గళ్లే చూసుకుంటున్నాడు. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయిని గుర్తుపట్టాను కూడా. బావ పోతే షెడ్డు నడవదు. గిరాకీతో మాట్లాడటానికి నేనుంటాను. మాట్లాడి ఏం చేయాలి?

రెండోసారి వెళ్లేనాటికి ఆయన ఓల్టేజీ సంగతి కనుక్కున్నాడు. స్టెబిలైజరు పెడితే చాలన్నారు. బస్సులో మళ్లీ కండక్టరు అడిగాడు, బావ మళ్లీ "ఎనక వస్తాంది" అన్నాడు. సేటు, "ఈసారన్నా కొంటవా అన్నా, తలుపును ఊరేగిస్తవా?" అన్నాడు. తలుపు మీద మూడో గడి కూడా నిండింది. మళ్లీ ఇంట్లో చెప్పి వస్తానన్నాడు. ఒక్కటే సారి అన్న మాట ఆయన నోటికి తాళం వేసింది. అది నాకు తెలుసు. తిరుగు బస్సులో ఈసారి నేను కల్లూరు దాకా కూడా ఆగలేదు.

"స్పంజి మెత్తలైతే మంచిగనే ఉన్నయి బావా. మరి అక్క కుట్టేటియి ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? నీకు పరుపు కుట్టిస్త" అని నవ్వాడు.

"నవ్వులకు కాదు. పెండ్లయినకాన్నుంచి అదొక్కటే గద ఆమె చేతి పని షెడ్డుల."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆ సాయంత్రం అక్క అరుగు మీద కూర్చుని గొంగడి ముక్కకు సూది గుచ్చుతుంటే ఆయన దగ్గరికెళ్లి, ఆ మెత్తను తీసుకుని చెంపకు ఆనించుకుని, తీర్పు చెప్పకుండానే తిరిగి ఇచ్చాడు. అక్క నన్ను చూసి, "ఏమైంది మీ బావకు? గట్లున్నడు?" అంది. "ఎండ తగిలింది" అన్నాను.

మూడోసారికి నేను సిద్ధం చేసుకునే బయల్దేరాను. అది కూడా చెప్పకపోతే ఇది రాయడం ఎందుకు? ఎక్కడ అడగాలి, ఏ గొంతుతో అడగాలి అని ముందే అనుకున్నాను. చూసేవాళ్లకు బావ మేలు కోరే బావమరిది. అడిగిందల్లా ఒక్క మాటే. "బెడిస్తే నాయన ఒక్కటే సారి అన్నడు. యాదికున్నది గద?"

ఆయన నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. ఎండలో కారు రంగును చూసినట్టు, మెడ కొంచెం వంచి. నా మీద ఏం కనిపించిందో తెలియదు. "ఉన్నది బామ్మర్దీ" అన్నాడు.

ఆ రోజూ మిషను కొనలేదు. ఇంకొకసారి, వేరే పని మీద ఇద్దరం ఖమ్మం వెళ్లాల్సి వచ్చింది. తలుపు తేలేదు. బస్సెక్కి ఆయన డ్రైవరు వైపు వెళ్లలేదు. ఇటు పక్క సీట్లో, కిటికీ నాకు వదిలేసి, నడవా వైపు కూర్చున్నాడు. సత్తుపల్లి వచ్చినప్పుడు చిల్లర లెక్క చూసుకుంటున్నాడు.

కొన్నాళ్లకు నాయన పోయాడు. మాట ఆయనతో పాటే పోయింది. మాకెవరికీ గుర్తు లేనట్టే ఉన్నాం. పని మాత్రం పెరిగింది. కార్లు పెరిగాయి, నల్ల కార్లు మరీ. ఒక రోజు నేనొక్కణ్ణే ఖమ్మం వెళ్లి పాలిష్ మిషను కొనుక్కొచ్చాను. సేటు డబ్బా కడుతూ, "మీ బావ మొదటి రోజే దీన్ని పట్టిండు. ఇడవలేక ఇడవలేక ఇడిచిండు" అన్నాడు. వేలితో తిప్పే చక్రం ఉన్నదే. స్పంజి మెత్తలు, ఘాటు పాలిష్, సన్న పాలిష్, అన్నీ తెచ్చాను.

షెడ్డులో అందరి ముందు ఆయన చేతుల్లో పెట్టాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బావమరిది అంటే ఇట్లుండాలె అని పక్క కొట్టువాళ్లు అన్నారు. బావ చక్రాన్ని ఒకటికి తిప్పాడు, ఆరుకు తిప్పాడు, మళ్లీ ఒకటి దగ్గర ఆపాడు.

"నువ్వే ఎంచినవా?"

"అవ్ బావా."

"మంచిగ ఎంచినవ్."

అది వచ్చిన రోజు సత్తుపల్లిలో షెడ్డు అని ఎవరూ అనలేదు. అక్క గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసి లోపలికి వెళ్లిపోయింది. షెడ్డు మూలన నల్ల తలుపు ఉంది. మూడు గళ్లు అద్దంలా, నాలుగోది చచ్చిన మెరుపుతో. నేను ఉత్సాహంగా, "ముందు దాని మీద కొట్టు బావా, నాలుగోది మిగిలింది గదా" అన్నాను.

"అది ఉండనియ్" అన్నాడు. తలుపును తీసుకెళ్లి గోడకు మేకు కొట్టి తగిలించాడు.

మిషను బాగా నడిచింది. మా షెడ్డులో మోటార్లు లేచినా స్టెబిలైజరుతో చక్కగా తిరిగింది. నేను అడిగిన ఓల్టేజీ ప్రశ్నకు జవాబు అంత తేలిక. బావ మాత్రం అప్పటికీ పాలిష్ మొదలుపెట్టే ముందు తలెత్తి బల్బును చూసేవాడు. అక్కర్లేదని తెలిసీ. అది ఎర్రగా ఉన్నా తెల్లగా ఉన్నా ఒకసారి చూసి, తల దించుకుని, పనిలోకి దిగేవాడు.

మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా మానేశాడు. మెత్తలను చెంపకు ఆనించడం మానేశాడు. ఏది ఇస్తే దాన్ని బిగించేవాడు. గిరాకీ వచ్చి, "మేస్త్రీ, దీనికి ఏ పాలిష్ మంచిది?" అంటే, "ఆయన్నడుగుండ్రి" అని నా వైపు చూపించేవాడు. నాకు ఏమీ తెలియదని ఆయనకు తెలుసు. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అది తప్పయినా అదే పట్టించేవాడు. చాయా, మజ్జిగా అంటే ఏదైనా సరే అనేవాడు. తన బిడ్డ పెండ్లికి చీరలు పరిచి ఏ రంగు అని అడిగితే, "మీ మామనడుగు బిడ్డా" అన్నాడు. ఆటపట్టించడం మాత్రం చివరిదాకా పోలేదు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన సంతోషంగా ఉన్నట్టే ఉండేది. నాకూ అలా అనుకోవడం సౌకర్యంగా ఉండేది. ఆయన అన్న మైనం లాంటిదే అది. ఆ మాట ఎత్తకుండా నేను వానలు పడనివ్వలేదు, అంతే తేడా.

కూడిక అయిన మర్నాడు అక్క పెనుబల్లిలో కూతురింటికి వెళ్లిపోతానంది. షెడ్డులోకి వచ్చి చుట్టూ చూసింది. మిషను తీసుకోమన్నాను. "అది నీది" అంది. ఇక దాచలేక చెప్పేశాను. "అక్కా, బావను సత్తుపల్లి పోనియ్యంది నేనే. ప్రతిసారీ ఏదో ఒకటి అడిగి..."

"తెలుసు."

"బావకు తెలుసా?"

"ఉన్నన్ని రోజులు అడగకపోతివి" అంది. గోడ వైపు చూసి, "సత్తుపల్లిల బతుకుదుమో, చెడుదుమో. చూద్దుం గదా తమ్ముడూ" అంది.

నేను క్షమించమని అడగబోయాను. ఆమె అప్పటికే గోడకున్న తలుపును రెండు చేతులా పట్టుకుని మేకు మీంచి లేపుతోంది. "పట్టు. ఇదొక్కటి తీస్కపోత."

బస్సు కిక్కిరిసి ఉంది. అక్క నేరుగా డ్రైవరు వైపు వెళ్లి, ఎవరో లేచి చోటిస్తే కిటికీ దగ్గర కూర్చుంది. నాకు సీటు దొరకలేదు. తలుపును ఆమె మోకాళ్ల దగ్గర కిటికీ వైపు నిలబెట్టి, పక్కనుంచి పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు కొత్తవాడు. టికెట్లు కొడుతూ వచ్చి ఆగి, తలుపును కిందికీ పైకీ చూశాడు.

"ఏందన్నా, తలుపే ఎక్కింది. కారేది?"

జవాబు నాకు తెలుసు. నోరు తెరిచాను. రాలేదు. జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి, రెండు మాటలు రాలేదు.

కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే అక్క అంది. "కారు రాలేదయ్యా. నువ్వు టికెట్ కొట్టు."

సత్తుపల్లి వచ్చింది. పంక్చరు కొట్టు ముందు టైరు ఇంకా వేలాడుతూనే ఉంది. పక్క జాగాలో ఎవరో ఇటుకలు దించుకుంటున్నారు. అక్క అద్దం లేని తలుపు కంతలోంచి అది కనుమరుగయ్యేదాకా చూసింది. బస్సు కుదుపుకు పడిపోకుండా నేను తలుపును గట్టిగా అదిమి పట్టుకున్నాను. నా అరచేయి నాలుగో గడి మీద పడింది. ఇన్నేళ్లయినా అది గరుకుగానే ఉంది.